డ్యూటీ మానకుండా మహిళా ఆరోగ్యంలో పార్ట్‌టైమ్ ఆన్‌లైన్ మాస్టర్స్‌కి అప్లై చేయాలంటే

విశాఖలో ఒక ప్రైవేటు ఆస్పత్రి లేబర్ రూమ్‌లో స్టాఫ్ నర్స్‌ని నేను. రెండేళ్లు ఉద్యోగం మానేసి చదివే పరిస్థితి లేదు, అందుకే బ్రిటన్ యూనివర్సిటీలో ఆన్‌లైన్ పార్ట్‌టైమ్ ఎంఎస్సీకి అప్లై చేశాను, సీటు వచ్చింది. అప్పటి నుంచి వార్డులో చెల్లెళ్లంతా ఎలా అని అడుగుతున్నారు. అందరికీ ఒకేసారి చెప్తున్నా.

ముందు ఒక మాట, ఇది తెలియకుండా డబ్బు కట్టొద్దు. ఇది ఎంఎస్సీ నర్సింగ్ కాదు, డాక్టర్లు చదివే గైనకాలజీ డిప్లొమా డీజీఓ కాదు, ఎండీ అసలే కాదు. ఈ పట్టా చూపించి ఎవరూ గైనకాలజిస్ట్ అని బోర్డు పెట్టుకోలేరు. మన దగ్గర నర్సింగ్, మెడిసిన్, ఫిజియోథెరపీ కోర్సులు ఆన్‌లైన్‌లో నడపడానికి యూజీసీ 2020 నిబంధనలు ఒప్పుకోవు. కాబట్టి బయటి దేశం ఆన్‌లైన్ పట్టాని ప్రభుత్వ ఉద్యోగానికో ప్రమోషన్‌కో, టీచింగ్ పోస్టుకో వాడాలనుకుంటే అప్లై చేయకముందే విదేశీ పట్టాల గుర్తింపు చూసే యూజీసీకి, మీ నర్సింగ్ కౌన్సిల్‌కి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. ఎవరో ఫోన్‌లో "పర్లేదమ్మా చెల్లుతుంది" అంటే నమ్మకండి. మరి ఎందుకు చదవడం అంటే, పరిశోధన వైపో, ఎన్జీఓలో ప్రాజెక్టుల వైపో వెళ్లడానికి, లేదా చేస్తున్న పనినే ఇంకా బాగా చేయడానికి. నాకు మూడోదే ముఖ్యం.

లెక్క ఎలా ఉంటుందంటే, బ్రిటన్‌లో ఎంఎస్సీ మొత్తం 180 క్రెడిట్లు. 60 దగ్గర ఆపితే పీజీ సర్టిఫికెట్, 120 దగ్గర ఆపితే పీజీ డిప్లొమా ఇస్తారు. ఒక క్రెడిట్ అంటే సుమారు 10 గంటల చదువు, అంటే ఏడాదికి 60 క్రెడిట్లు తీసుకుంటే 600 గంటలు, నలభై వారాలకి పంచితే వారానికి 15 గంటలు. డ్యూటీ రోస్టర్ పక్కన పెట్టుకుని ఈ 15 గంటలు ఎక్కడ దొరుకుతాయో నిజాయితీగా గుర్తు పెట్టండి. దొరక్కపోతే ముందు సర్టిఫికెట్‌కే అప్లై చేయండి, చాలాచోట్ల తర్వాత ఎంఎస్సీకి మారే వీలుంటుంది. లైవ్ క్లాసులు ఎప్పుడో కూడా అడగండి. అక్కడ సాయంత్రం ఆరు అంటే మనకి వేసవిలో రాత్రి పదిన్నర, చలికాలంలో పదకొండున్నర. నైట్ డ్యూటీ ఉన్నరోజు రికార్డింగ్ చూస్తే సరిపోతుందా లేదా అన్నది సీటు వచ్చాక అడిగే ప్రశ్న కాదు.

దీనికి కన్సల్టెన్సీ అక్కర్లేదు. ఇంట్లో కూర్చుని చదివే కోర్సుకి స్టూడెంట్ వీసా ఉండదు, అప్లికేషన్ నేరుగా యూనివర్సిటీ వెబ్‌సైట్‌లోనే.

ఇప్పుడు కాగితాలు. మన ఆడవాళ్లకి అసలు తలనొప్పి ఇక్కడే. నా టెన్త్ మెమోలో ఇంటిపేరు మొదటి అక్షరం మాత్రమే ఉంది, డిగ్రీలో ఇంటిపేరు మొత్తం ఉంది, పాస్‌పోర్ట్‌లో పెళ్లయ్యాక మారిన ఇంటిపేరు. అప్లికేషన్‌లో డిగ్రీలో ఉన్న పేరు రాసి పాస్‌పోర్ట్ జత చేశాను, ఇద్దరు వేర్వేరు మనుషులనుకుని పక్కన పెట్టేశారు, మూడు వారాలు పోయాయి. మీరు మాత్రం పాస్‌పోర్ట్‌లో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయండి. పాత పేరు అడిగే గడి ఉంటుంది, అందులో పాతది రాయండి, పెళ్లి సర్టిఫికెట్, ఈ రెండు పేర్లూ ఒకే మనిషివని నోటరీ చేయించిన అఫిడవిట్ కలిపి పెట్టండి. అడగకపోయినా పెట్టండి.

ట్రాన్‌స్క్రిప్ట్ అంటే అన్నేళ్ల మార్కులూ ఒకేచోట చేర్చి యూనివర్సిటీ ఇచ్చే పత్రం. దాని కోసం, మన వైపు నర్సింగ్, ఫిజియో, ఎంబీబీఎస్ చదివినవాళ్లలో ఎక్కువమంది విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయానికే దరఖాస్తు చేయాలి. మార్కుల మెమోలు వేరు, ట్రాన్‌స్క్రిప్ట్ వేరు. మెమోల్లో ఒకటి పోయినా డూప్లికేట్‌తో మొదలుపెట్టాలి, కాబట్టి అడ్మిషన్ గడువుకి కనీసం మూడు నెలల ముందే ఈ పని పెట్టుకోండి.

ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ అడిగితే అకడమిక్ రాయాలి, జనరల్ కాదు. స్కోరుకి రెండేళ్లే గడువు. ఇంగ్లిష్ మీడియంలో చదివామని కాలేజీ ఇచ్చే లెటర్‌ని కొన్ని యూనివర్సిటీలు ఒప్పుకుంటాయి, ముందు అది అడిగి చూసి తర్వాతే ద్వారకానగర్ కోచింగ్‌కి డబ్బు కట్టండి.

రికమండేషన్ లెటర్లు సాధారణంగా రెండు అడుగుతారు, ఒకటి చదువు చెప్పినవాళ్లది, ఒకటి పనిచేసే చోటుది. కాలేజీ, ఆస్పత్రి అధికారిక మెయిల్ ఐడీనే కావాలంటారు, మన మేడమ్‌లకేమో జీమెయిల్ తప్ప ఉండదు. ప్రిన్సిపల్ ఆఫీస్ మెయిల్ ద్వారా పంపించమని బతిమాలుకోవాలి. యూనివర్సిటీ నుంచి వాళ్లకి వెళ్లే లింక్ చాలాసార్లు స్పామ్‌లో పడుతుంది. ఫోన్ చేసి కాకుండా, వీలైతే నేరుగా వెళ్లి, "మేడమ్, ఒక్కసారి ఫోన్ ఇలా ఇవ్వండి" అని మీరే వెతికి చూపించండి. నేను అలాగే చేశాను.

ఇక పర్సనల్ స్టేట్‌మెంట్, అంటే ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నామో మన మాటల్లో రాసేది. మనం సీటు తెచ్చుకునేదీ పోగొట్టుకునేదీ దీనితోనే అని నా నమ్మకం. నా మొదటి డ్రాఫ్ట్ చిన్నప్పటి నుంచి సేవ చేయాలనే కోరిక ఉండేది అని మొదలైంది. మా సీనియర్ అక్క చదివి, "ఇది ఎవరైనా రాస్తారే, నువ్వు ఓపీలో ఏం చూశావో అది రాయి" అంది. అప్పుడు ఒకావిడ గుర్తొచ్చింది. ముప్పై నాలుగేళ్లు. ఒళ్లంతా ఆవిర్లు, రాత్రిళ్లు నిద్ర లేదు, మోకాళ్ల నొప్పులు. గర్భసంచి తీసేసి ఆరేళ్లయింది. అండాశయాలు కూడా తీశారా అని అడిగితే, "ఏమోనమ్మా, మొత్తం తీసేశామన్నారు" అని చెప్పి, చీర కొంగులోంచి ప్లాస్టిక్ కవర్ తీసి నలిగిపోయిన డిశ్చార్జ్ కాగితం నా చేతిలో పెట్టింది. మడత మీద అక్షరాలు చెరిగిపోయి ఆ ఒక్క లైనే చదవడానికి రాలేదు. తన ఒంట్లోంచి ఏం తీశారో ఆవిడకే తెలియదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగో విడతలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద సుమారు 3 శాతం అయితే ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం, అన్ని రాష్ట్రాల కన్నా ఎక్కువ. ఆవిడ కథనీ ఈ లెక్కనీ పక్కపక్కన పెట్టి, ఇలా చిన్న వయసులోనే మెనోపాజ్‌లోకి వచ్చేసిన వాళ్లకి ఆపరేషన్ తర్వాత ఎవరు ఏం చెప్తున్నారు అన్నదే నా ప్రశ్న అని రాశాను. ఆ తర్వాత పేరా తనంతట తానే వచ్చింది.

మీకూ ఇలాంటిది ఒకటి ఉండే ఉంటుంది. ఘోషా ఆస్పత్రిలో చేసినవాళ్లకి ఉంటుంది, కేజీహెచ్‌లో చేసినవాళ్లకి ఉంటుంది, ఏజెన్సీ వైపు పీహెచ్‌సీలో చేసినవాళ్లకి మా అందరికన్నా ఎక్కువ ఉంటుంది. పేషెంట్ పేరు, ఊరు, ఆస్పత్రి పేరు మాత్రం రాయకండి. తర్వాత ఆ కోర్సు మాడ్యూళ్ల (సబ్జెక్టుల) పేర్లు చదివి, మీ ప్రశ్నకి దగ్గరగా ఉన్న ఒకటి రెండు ఎంచి ఎందుకో చెప్పండి. కోర్సు అయ్యాక ఎక్కడ ఏం చేస్తారో చివర్లో మూడు లైన్లు చాలు. పదాల పరిమితి దాటొద్దు. వేరేవాళ్ల స్టేట్‌మెంట్ తెచ్చుకుని పేర్లు మార్చే పని అసలొద్దు.

ఆఫర్ వచ్చాక ఫీజు. ఎక్కువ చోట్ల మాడ్యూల్‌కి ఇంత అని విడిగా కట్టే వీలుంటుంది, మొత్తం ఒకేసారి కట్టకండి. బ్యాంకులో బయటి దేశానికి డబ్బు పంపడానికి నింపే ఏ2 ఫారం, ఆఫర్ లెటర్, పాన్ కార్డు అడుగుతారు. ఏడాదిలో బయటికి పంపేది మొత్తం 10 లక్షలు దాటకపోతే టీసీఎస్ (పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను) పడదు. ఒక్క జాగ్రత్త: నేను కట్టినప్పుడు మధ్యలో ఏవో చార్జీలు కోసేసి యూనివర్సిటీకి తక్కువ చేరింది, బకాయి ఉందని మెయిల్ వచ్చి రాత్రంతా టెన్షన్ పడ్డాను. పంపేటప్పుడు అన్ని చార్జీలూ మీరే భరించేలా 'అవర్' (OUR) అనే ఆప్షన్ పెట్టమని కౌంటర్‌లో చెప్పండి, మీ స్టూడెంట్ నంబర్ రిఫరెన్స్ గడిలో పడిందో లేదో చూసుకోండి, డబ్బు పంపినట్టు బ్యాంకు ఇచ్చే స్విఫ్ట్ కాపీ అడిగి తీసుకుని అదేరోజు యూనివర్సిటీ ఫీజుల విభాగానికి మెయిల్ చేయండి.