పాత నెట్‌బుక్‌కి కెర్నలు తగ్గించాలంటే ముందు పెన్‌డ్రైవు గుచ్చండి

పర్లాకిమిడి, గునుపురం, రాయగడ వైపు కిరాణా కొట్లలో, జిరాక్స్ షాపుల్లో బిల్లులు కొట్టే పాత ఆటమ్ ఎన్270 నెట్‌బుక్కు మీ దగ్గర ఉంటే, అది 32 బిట్‌దే. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో (డెబియన్ అంటే ఒక లినక్సు డిస్ట్రో, లినక్సు సరంజామా) 32 బిట్ పీసీలకి కెర్నలే, అంటే హార్డ్‌వేరుని నడిపే లినక్సు గుండెకాయే, లేదు. అందుకని డెబియన్ 12, 6.1 సిరీస్ కెర్నలు మీదే ఈ పని: అక్కర్లేని డ్రైవర్లు తీసేసి కెర్నలుని మళ్లీ కట్టుకోవడం.

ర్యామ్ సగానికి సగం మిగులుతుందని ఆశ పెట్టుకోకండి. డిస్ట్రో కెర్నల్లో డ్రైవర్లు వేలల్లో ఉన్నా, లోడ్ కాని మాడ్యూలు (కావాలన్నప్పుడే ఎక్కే కెర్నలు ముక్క) డిస్కు మీద పడి ఉంటుందంతే, ర్యామ్ తినదు. తగ్గేది డిస్కు చోటు, ఇనిట్‌ఆర్‌డీ (బూటు మొదట్లో వాడే చిన్న తాత్కాలిక ఫైల్ సిస్టమ్) సైజు, బూటు టైము. ర్యామ్‌లో కలిసొచ్చేది కొన్ని ఎంబీలే. లెక్క తేలాలంటే డీమెసేజ్‌లో (కెర్నలు సందేశాలు చూపే కమాండు) 'మెమరీ' అని మొదలయ్యే లైను ముందే రాసిపెట్టుకోండి. కెర్నల్ కోడ్, డేటా, బీఎస్ఎస్ (సున్నాలతో మొదలయ్యే డేటా) ఎన్నేసి కేబీలో అందులో విడివిడిగా ఉంటాయి. వీఎంలినజ్ (కుదించిన కెర్నలు) ఫైలు సైజు చూసి మురిసిపోవద్దు: ఎక్స్‌జెడ్ పద్ధతిలో కుదిస్తే ఫైలు చిన్నదవుతుంది, ర్యామ్‌లో విప్పాక మాత్రం ఎప్పటంతే. పైగా ఆటమ్ మీద విప్పడానికి ఎక్కువసేపు పడుతుంది.

అసలు కోత కెర్నలు సోర్సుతో వచ్చే 'లోకల్‌మాడ్‌కాన్ఫిగ్' చేస్తుంది. ఆ క్షణాన లోడై ఉన్న మాడ్యూళ్లు చూసి, మిగతావన్నీ కొట్టేస్తుంది. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. కొట్లో వాడే ప్రతి వస్తువూ ముందు ఒకసారి తగిలించాలి: నెట్ కోసం ఫోను యూఎస్‌బీ టెదరింగు ఆన్ చేసి, కాటా నుంచి వచ్చే సీరియల్ కేబులు, వైఫై, సౌండు. పెన్‌డ్రైవు గుచ్చి ఊరుకుంటే చాలదు, తెరిచి ఫైళ్లు చూడాలి. తెరవకపోతే పెన్‌డ్రైవు ఫైల్ సిస్టమ్ మాడ్యూలు 'వీఫ్యాట్'తో పాటు అక్షరాల పట్టికలు (కోడ్‌పేజీల్లాంటివి) 'ఎన్ఎల్ఎస్ సీపీ437', 'ఎన్ఎల్ఎస్ ఆస్కీ' కూడా కోతలో పోతాయి. ఆ తర్వాత పెన్‌డ్రైవు పెడితే తెర మీద 'తప్పుడు ఫైల్ సిస్టమ్' అన్న ధోరణిలో ఏదో వస్తుంది. డ్రైవు చచ్చిందనుకుని ఫార్మాట్ కొట్టేసేవాళ్లున్నారు. వీఫ్యాట్ మిగిలి ఎన్ఎల్ఎస్‌లే పోయుంటే, డీమెసేజ్‌లో కోడ్‌పేజీ దొరకలేదని తేటగా రాసుంటుంది. ఫ్యాట్‌కి యూటీఎఫ్8 డిఫాల్టు ఆప్షను ఎలాగూ తీయకండి. అది లేకపోతే తెలుగు, ఒరియా ఫైలు పేర్లు ప్రశ్నార్థకాలైపోతాయి.

అన్నీ తగిలించాక 'ఎల్ఎస్‌మాడ్' (లోడైన మాడ్యూళ్ల జాబితా చూపే కమాండు) అవుట్‌పుట్ ఒక ఫైల్లో దాచి, స్లాష్ బూట్‌లోని కాన్ఫిగ్ ఫైలుతో కలిపి 64 బిట్ మెషీనుకి తీసుకెళ్లండి. నెట్‌బుక్కులోనే కంపైల్ చేయాలంటే గంటలు పడుతుంది, మధ్యలో కరెంటు పోతే సరేసరి. ఆ కాన్ఫిగ్‌ని కెర్నలు సోర్సు ఫోల్డర్లో 'డాట్ కాన్ఫిగ్' పేరుతో పెట్టండి. మరిచిపోతే కట్టే మెషీను కాన్ఫిగ్ ఎక్కి కూర్చుంటుంది. ఇక 'మేక్' (కంపైల్ నడిపే కమాండు)కి ఆర్చ్ ఐ386 అనీ, పెద్దక్షరాల ఎల్ఎస్‌మాడ్‌కి ఆ ఫైలు దారీ ఇచ్చి లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ నడపండి.

తర్వాత మెనూకాన్ఫిగ్ (ఆప్షన్లు ఎంచుకునే తెర). డీబగ్ ఇన్ఫో ఆపండి, లేదంటే కట్టే చోట జీబీలకి జీబీలు మింగుతుంది. ప్రాసెసరు రకం ఆటమ్. సైజు కోసం ఆప్టిమైజ్ చేసే ఆప్షను పెట్టండి. 'ట్రస్టెడ్ కీస్' దగ్గర డెబియన్ సర్టిఫికెట్ ఫైలు పేరుంటే ఖాళీ చేయండి, లేకపోతే ఆ ఫైలు లేదంటూ బిల్డు ఆగిపోతుంది. పీఏఈ (4 జీబీ దాటిన ర్యామ్ వాడుకునే పద్ధతి) తీస్తే పేజీ టేబుళ్లు (మెమరీ చిరునామాల పట్టికలు) సగమవుతాయి, కానీ దాంతోపాటే డేటాని కోడ్‌లా నడవనివ్వని ఎన్ఎక్స్ రక్షణా పోతుంది. నెట్ తగిలే మెషీనైతే ఉంచేయడమే మేలు. ప్రింట్‌కే (కెర్నలు సందేశాలు రాసే ఆప్షను) జోలికి మాత్రం పోవద్దు. కాస్త చోటు కోసం అది తీసేస్తే బూటు ఆగిన రోజు కారణం చెప్పే నాథుడుండడు.

లోకల్ వెర్షన్‌లో (కెర్నలు వెర్షను చివర తగిలే ముక్క) కొత్త పేరు పెట్టి 'బిన్‌డెబ్ పీకేజీ'తో డెబియన్ ప్యాకేజీ చేసి నెట్‌బుక్కులో ఎక్కించండి. పేరు మార్చకపోతే అదే వెర్షను పాత మాడ్యూళ్ల మీద కొత్తవి పడతాయి.

బూటులో 'అన్‌నోన్ బ్లాక్ 0,0' అని ప్యానిక్ (కెర్నలు మొరాయించి ఆగిపోవడం) వస్తే డిస్కు డ్రైవరు గానీ ఇనిట్‌ఆర్‌డీ గానీ లేదన్నమాట. ఇనిట్‌ఆర్‌డీ అక్కర్లేదని తీసేసినవాళ్లు ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌నీ, డిస్కు డ్రైవరునీ మాడ్యూలుగా కాకుండా కెర్నల్లోనే కలపాలి. అప్పుడు బూటు ఆప్షన్లలో రూట్ దగ్గర ఫైల్ సిస్టమ్ యూయూఐడీ (గుర్తింపు నంబరు) ఇస్తే కెర్నలుకి అర్థం కాదు, పార్ట్‌యూయూఐడీ (పార్టిషను గుర్తింపు నంబరు) ఇవ్వాలి. గ్రబ్ (బూటులో కెర్నలు ఎంచుకునే) మెనూలో పాత కెర్నలుని కనీసం ఒక నెల ఉంచండి. అన్ని వస్తువులూ ఒక్కరోజే వాడరు కదా.