డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా తగ్గిపోయే జబ్బు) ఉన్నవారిని చూసుకునే కుటుంబాలు దగ్గర్లో సాయం వెతుక్కోవడం ఎలా?

"కాస్త ఎవరైనా తోడుంటే బాగుండు" అంటే అందరూ అయ్యో అంటారు, వచ్చేవాళ్లు మాత్రం ఉండరు. మనసు లేక కాదు, వచ్చి ఏం చేయాలో తెలియక. అదే "మంగళవారం, శుక్రవారం సాయంత్రం 4 నుంచి 7 దాకా నాన్న పక్కన ఒక మనిషి ఉండాలి" అని అడిగి చూడండి. చుట్టాలైనా, సంస్థవాళ్లయినా కుదురుతుందో లేదో అప్పటికప్పుడు చెప్పేస్తారు. కాబట్టి ఫోను పట్టుకునే ముందు కాగితం, పెన్ను పట్టుకోండి.

1. వారం రోజులు రాసిపెట్టండి

నోటుపుస్తకంలో మూడు గళ్లు గీయండి: ఎప్పుడు, ఏం జరిగింది, ఎవరు ఎంతసేపు చూసుకున్నారు. స్నానం, తిండి, మందులు, బాత్రూం, నిద్ర, చెప్పకుండా బయటికి వెళ్లిపోవడం, అన్నీ అందులోకి రావాలి. ఇబ్బంది పెట్టిన సంఘటన అయితే దానికి ముందు ఏం జరిగింది, చివరికి దేనితో సర్దుకుంది అన్నది కూడా రాయండి. ఇలా:

"రాత్రి 2.10. లేచి వీధి తలుపు గడియ తీయబోయారు. ఇంటికి వెళ్లాలి అన్నారు. బాత్రూంకి తీసుకెళ్లాక 20 నిమిషాల్లో పడుకున్నారు."

ఈ నాలుగు వాక్యాలు చాలా చెబుతున్నాయి. ఇది పగటిపూట వచ్చే అటెండెంటుతో తీరే కష్టం కాదు. పడుకోబోయే ముందు ఒకసారి బాత్రూంకి తీసుకెళ్లడం, తలుపు తెరిస్తే మోగే గంట ఒకటి బిగించడం, వారంలో రెండు రాత్రులైనా వేరే మనిషి కాపలా ఉండడం, ఈ ఇంటికి కావలసినవి ఇవి. రాత్రుళ్ల సంగతి చాలామంది రాయరు. చూసుకునే మనిషిని ముందు కుంగదీసేది ఆ నిద్రలేమే.

అయోమయం ఒకటి రెండు రోజుల్లోనే ఉన్నట్టుండి పెరిగినా, మనిషి అకస్మాత్తుగా మత్తుగా అయిపోయినా సాయం వెతుకుతూ కూర్చోకండి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, మలబద్ధకం, కొత్తగా మొదలుపెట్టిన మందు, ఇలాంటివి కారణం కావచ్చు. అదే రోజు డాక్టరుకు చూపించాలి. డిమెన్షియా సాధారణంగా అంత హఠాత్తుగా ముదరదు.

వారం అయ్యాక, మీరే చేయనక్కర్లేని పనుల కింద గీత గీయండి. వాటిలో మిమ్మల్ని ఎక్కువగా అలసగొట్టే రెండింటిని ఎంచుకోండి. మొదటి దఫాలో అడగాల్సింది ఆ రెండే.

2. ఫైలు సిద్ధం చేసుకోండి

డయాగ్నసిస్ రాసిన కాగితం, వాడే మందులు, వాటి మోతాదులు, పడని మందులు, పాత డిశ్చార్జి సమ్మరీలు ఒకచోట పెట్టి రెండు జతల జిరాక్సులు తీయించండి. కాగితం మీద ఉత్త "డిమెన్షియా" అని ఉంటే అది ఏ రకమో డాక్టరును అడిగి రాయించుకోండి. రకాన్ని బట్టి జాగ్రత్తలు మారతాయి. లూయీ బాడీ డిమెన్షియా ఉన్నవారికి హాలోపెరిడాల్ వంటి కొన్ని సైకియాట్రీ మందులు ప్రమాదకరంగా పనిచేయవచ్చు, కాబట్టి కొత్తగా చూసుకోబోయేవాళ్లందరికీ ఆ సంగతి తెలిసి ఉండాలి. ఫ్రాంటోటెంపొరల్ రకం తరచూ 65 ఏళ్లలోపే మొదలవుతుంది. ఒంట్లో బలం తగ్గని ఆ మనిషి ఎనభై ఏళ్లవారి కోసం నడిపే డే కేర్‌లో (పగటిపూట మాత్రం చూసుకునే కేంద్రంలో) ఇమడకపోవచ్చు.

ఫైలు పైన ఒక పేజీ ఉండాలి: ఏమని పిలిస్తే పలుకుతారు, ఏం ఉద్యోగం చేశారు, దేనికి చిరాకు పడతారు, ఏ మాటతో చల్లబడతారు, చెవి వినిపిస్తుందా, కళ్లజోడు ఉందా. కొత్త అటెండెంటుకు మెడికల్ రిపోర్టుల కంటే ఈ పేజీయే ఎక్కువ పనికొస్తుంది.

3. ఎక్కడెక్కడ అడగాలి

ఈ సాయమంతా ఒకే గుమ్మం దగ్గర దొరకదు. డయాగ్నసిస్ ఇచ్చిన ఆసుపత్రిలోనే మొదలుపెట్టండి. న్యూరాలజీ, సైకియాట్రీ, జీరియాట్రిక్ (వృద్ధుల వైద్యం) విభాగాల్లో సోషల్ వర్కరు ఉంటే, ఊళ్లో ఏ డే కేర్ నడుస్తోంది, ఏది మూతపడింది అన్నది డాక్టరు కంటే వాళ్లకే బాగా తెలుస్తుంది.

తర్వాత జాతీయ అల్జీమర్స్ సంస్థ. 1984లో ఏర్పడిన అల్జీమర్స్ డిసీజ్ ఇంటర్నేషనల్‌కు 100కు పైగా దేశాల్లో సభ్య సంఘాలున్నాయి. దాని వెబ్‌సైట్‌లో దేశం పేరు ఎంచుకుంటే అక్కడి సంఘం వివరాలు వస్తాయి. అమెరికాలో అల్జీమర్స్ అసోసియేషన్, బ్రిటన్‌లో అల్జీమర్స్ సొసైటీ, భారతదేశంలో అల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియా అనే ఏఆర్‌డీఎస్‌ఐ ఇలాంటివే. పేరులో అల్జీమర్స్ ఉన్నా మిగతా రకాల డిమెన్షియాకూ ఇవి సాయం చేస్తాయి. సెప్టెంబరు 21 ప్రపంచ అల్జీమర్స్ దినం. ఆ నెలలో ఈ సంఘాలు సభలు పెడుతుంటాయి, వాళ్లను ముఖాముఖి కలవడానికి అది మంచి సమయం.

ఆ తర్వాత స్థానిక ప్రభుత్వంలో వృద్ధుల సంక్షేమం, వికలాంగుల సంక్షేమం చూసే విభాగాలు, పల్లియేటివ్ కేర్ (బాధ తగ్గించి ఊరటనిచ్చే వైద్యం) బృందాలు, సీనియర్ సిటిజన్ల సంఘాలు, ప్రార్థనా మందిరాల సేవా బృందాలు. పల్లియేటివ్ అనగానే ఆఖరి రోజులని భయపడి చాలామంది అటువైపే చూడరు. నొప్పి, తిండి, పుండ్లు, కుటుంబం అలసట, ఇవన్నీ వాళ్ల పనే. జబ్బు మధ్యలోనూ వాళ్లను పిలవొచ్చు.

ఇంటర్నెట్‌లో వెతికేటప్పుడు "డిమెన్షియా" ఒక్కటే కొడితే జబ్బు గురించిన వ్యాసాలే వస్తాయి. మెమరీ క్లినిక్, వృద్ధుల డే కేర్, హోమ్ నర్సింగ్, జీరియాట్రిక్ క్లినిక్ అని, పక్కన మీ ప్రాంతం పేరు చేర్చి, స్థానిక భాషలోనూ ఇంగ్లీషులోనూ కొట్టండి. వచ్చిన జాబితాల్లో పాత నంబర్లు ఉంటాయి. ఫోన్ చేసి నిర్ధారించుకోకుండా ఎవరి దగ్గరికీ బయల్దేరకండి.

4. ఫోన్లో ఏం అడగాలి

కష్టమంతా మొదటి నిమిషంలోనే వెళ్లబోసుకుంటే అవతలివాళ్లు ఓదార్చి పెట్టేస్తారు. మూడు ముక్కల్లో చెప్పండి: ఎవరికి, ఏ దశ, ఏం కావాలి. "మా అమ్మకు 74 ఏళ్లు, అల్జీమర్స్ మధ్య దశ, నడుస్తుంది, బాత్రూంకి మనిషి తోడు కావాలి. వారానికి రెండు పగళ్లు డే కేర్ కోసం చూస్తున్నాం."

ఆ తర్వాత ప్రశ్నలు. బయటికి వెళ్లిపోయే అలవాటున్నవారిని తీసుకుంటారా? డైపరు మారుస్తారా? ఒక్కో మనిషి ఎంతమందిని చూసుకుంటారు? డిమెన్షియా మీద శిక్షణ పొందినవాళ్లు ఎవరైనా ఉన్నారా? అన్నీ కలిపి ఖర్చెంత, విడిగా కట్టాల్సినవి ఏమైనా ఉన్నాయా? ఎలాంటి పరిస్థితిలో "ఇక మేం చూసుకోలేం" అంటారు? ఈ చివరి ప్రశ్న అడగడానికి మొహమాటపడతారు. అడగకపోతే నెల తిరక్కముందే, ఒకరోజు అమ్మ గట్టిగా అరిచిందని తీసుకెళ్లిపొమ్మంటూ ఫోను రావచ్చు.

ఖాళీ లేదంటే వెయిటింగ్ లిస్టులో పేరు రాయించండి, ఇప్పుడు అవసరం లేకపోయినా సరే. పెట్టేసే ముందు "మీ దగ్గర కుదరకపోతే ఎవరిని అడగమంటారు?" అని ఒక పేరు, నంబరు తీసుకోండి. చాలాసార్లు అసలు దారి చూపేది ఈ ప్రశ్నే. ఎవరితో మాట్లాడారు, ఏ తేదీన, ఏమన్నారు, అన్నీ అదే నోటుపుస్తకంలోకి ఎక్కాలి.

5. మనిషి ఇంట్లోకి వచ్చాక

మొదటి రోజే అటెండెంటుకు అప్పగించి వెళ్లిపోతే దాదాపుగా బెడిసికొడుతుంది. కొత్త మొహం చూసి పెద్దాయన భయపడతారు, వచ్చిన మనిషి బెదిరిపోతుంది, మర్నాటికి మానేస్తుంది. మొదటి రెండు మూడు రోజులు మీరు ఇంట్లో ఉండగానే రెండేసి గంటలు రమ్మనండి. "నిన్ను చూసుకోవడానికి వచ్చింది" అనకండి, "నాకు పనిలో సాయానికి వచ్చింది" అనండి. స్నానం చివర్లో అప్పగించండి, దానికి నమ్మకం ఎక్కువ కావాలి. ఏజెన్సీ ద్వారా అయితే, మనిషి రాని రోజున బదులు ఎవరిని పంపుతారో ముందే రాయించుకోండి. నగలు, బ్యాంకు కాగితాలు తాళంలో పెట్టండి. ఇది అనుమానం కాదు. డిమెన్షియాలో వస్తువులు ఎక్కడో పెట్టి మర్చిపోయి, ఎవరో దొంగిలించారనడం మామూలే. తాళం ఉంటే అమాయకురాలి మీద నింద పడదు.

డే కేర్ విషయంలోనూ అంతే. మనిషి తేలిగ్గా ఉండే పూట చూసి, అరపూటతో మొదలుపెట్టండి. కుదురుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. రెండో రోజు గొడవ చేశారని మాన్పించేయకండి.

6. సపోర్టు గ్రూపులు, శిక్షణ

చూసుకునేవాళ్లు మాత్రమే కలిసేవి ఉంటాయి, జబ్బు ఉన్నవారితో కలిసి వెళ్లేవీ ఉంటాయి. రెండో రకానికి అల్జీమర్ కేఫ్ మంచి నమూనా. బేరె మీసెన్ అనే మానసిక నిపుణుడు 1997లో నెదర్లాండ్స్‌లో మొదలుపెట్టారు, తర్వాత చాలా దేశాలకు పాకింది. దగ్గర్లో ఏదీ లేకపోతే ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఐసపోర్ట్ అనే శిక్షణ పుస్తకం ఉచితంగా దొరుకుతుంది, స్నానం, తిండి, మారిన ప్రవర్తన గురించి అభ్యాసాలతో సహా. వాట్సాప్ గ్రూపులు రాత్రివేళ ధైర్యానికి బాగుంటాయి, మందులకు మాత్రం కాదు. డిమెన్షియాను పూర్తిగా నయం చేసే మందు ఇప్పటికీ లేదు. గ్రూపులో ఎవరైనా అలాంటిది అమ్మజూపితే ఆ గ్రూపు మీకు అక్కర్లేదు.

7. సంతకాలు, అత్యవసరాలు

పవర్ ఆఫ్ అటార్నీ (తన తరఫున వ్యవహారాలు చూసే అధికారం ఇంకొకరికి రాసివ్వడం), వీలునామా, బ్యాంకు ఏర్పాట్లు మనిషికి అర్థం చేసుకుని నిర్ణయించే శక్తి ఉండగానే పూర్తవ్వాలి. కొన్ని దేశాల్లో పవర్ ఆఫ్ అటార్నీ, ఇచ్చిన మనిషికి నిర్ణయశక్తి పోయినా కొనసాగుతుంది, కొన్నిచోట్ల ఆగిపోతుంది. మీ దగ్గరి నియమం ఏమిటో లాయరును అడగండి. ఆలస్యమైతే కోర్టు ద్వారా గార్డియన్‌ను (ఆ మనిషి తరఫున నిర్ణయాలు తీసుకునే సంరక్షకుణ్ని) నియమించుకోవాల్సి రావచ్చు. అది నెలల తరబడి సాగే పని.

ఈమధ్య తీసిన ఫొటో ఫోన్లో ఉంచండి. ఫోన్ నంబరు చెక్కిన కడియమో లాకెట్టో వేయండి. మనిషి కనిపించకపోతే ఇంట్లో, చుట్టుపక్కల ఒకసారి చూసి, వెంటనే పోలీసులకు చెప్పండి. ఇరవై నాలుగు గంటలు ఆగాలన్న మాట నమ్మకండి.

మీరే ఆసుపత్రిలో చేరాల్సి వస్తే ఎవరు వస్తారో ఇప్పుడే ఇద్దరి పేర్లు రాసి, వాళ్లకు చెప్పి, ఫైలు ఎక్కడుందో చూపించండి. మీ అలసట ఎంతో డాక్టరుకు మాటల్లో చెప్పలేకపోతే చూసుకునేవాళ్ల మీద పడే భారాన్ని కొలిచే జారిట్ ప్రశ్నావళి అడగండి. 22 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు. చచ్చిపోవాలనిపించినా, జబ్బు మనిషిని కొట్టేంత కోపం వస్తున్నా ఆ లెక్కల కోసం ఆగకండి. మీ ప్రాంతంలోని మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కు, డాక్టరుకు ఆ రోజే ఫోన్ చేయండి.

ఆరు నెలలకోసారి, లేదా నడక, మింగడం, నిద్ర ఈ మూడింట్లో ఏది మారినా, వారం చిట్టా మళ్లీ రాయండి. మింగడం కష్టమైతే స్పీచ్ థెరపిస్టు (మాటతోపాటు మింగడమూ చూసేది వీళ్లే), తరచూ పడిపోతుంటే ఫిజియోథెరపిస్టు, మంచం దిగలేకపోతే పల్లియేటివ్ బృందం. అప్పటికి మీ దగ్గరున్న నంబర్ల జాబితా వేరేగా ఉంటుంది.