రేకుల సీసా, ఎర్ర ఎల్ఈడీ: స్థిర విద్యుత్తు నుంచి వలయం దాకా

దువ్వెనకు కాగితం ముక్కలు అతుక్కోవడానికీ, టార్చిలైటు వెలగడానికీ కారణం ఒకటే: ఎలక్ట్రాన్లు చోటు మారడం. దువ్వెన మీద అవి చేరి అక్కడే ఉండిపోతాయి, తీగలో వరసగా సాగిపోతుంటాయి. ఈ రెండింటినీ వేర్వేరు పాఠాలుగా చదివితే మధ్యలో లంకె తెగిపోతుంది. అందుకని ఇక్కడ రెండు చిన్న పరికరాలు చేసి, చివర్లో ఒకే వస్తువును రెండింటితోనూ పరీక్షిద్దాం. అన్నిటికీ ఏఏ సైజు సెల్స్ చాలు. ఈ పరికరాలను గోడ ప్లగ్గుకు మాత్రం అస్సలు కలపొద్దు.

ముందు విద్యుద్దర్శిని, అంటే ఒక వస్తువు మీద విద్యుదావేశం (పేరుకున్న విద్యుత్తు) ఉందో లేదో చూపే పరికరం. వెడల్పు మూతి గాజు సీసా, ప్లాస్టిక్ మూత, సుమారు 15 సెంటీమీటర్ల గట్టి రాగి తీగ, పలుచటి అల్యూమినియం ఫాయిల్, ఒక ప్లాస్టిక్ స్ట్రా ముక్క కావాలి. తీగ మీద ఎనామిల్ పూత ఉంటే సాండ్‌పేపర్‌తో మొత్తం గీకేయండి. మూత మధ్యలో రంధ్రం చేసి స్ట్రా ముక్కను దూర్చి, దాని లోపలి నుంచి తీగను దించి, కరిగిన కొవ్వొత్తి మైనంతో బిగించండి. లోపలి కొసను కొక్కెంలా వంచండి. ఫాయిల్‌ను 4 సెంటీమీటర్ల పొడవు, 7 మిల్లీమీటర్ల వెడల్పున రెండు రేకులుగా కత్తిరించి, గోటితో సాపు చేసి, పైన చిన్న రంధ్రాలు పెట్టి కొక్కేనికి తగిలించండి. రేకులు వదులుగా ఊగాలి. ఊదితే కదలకపోతే రంధ్రం ఇరుకైందన్నమాట. తీగ పై కొసకు 3 సెంటీమీటర్ల ఫాయిల్ ఉండను నున్నగా చుట్టండి. ఉండ మీద మొనలు తేలితే వాటి నుంచి ఆవేశం గాలిలోకి కారిపోతుంది, అందుకే నున్నదనం ముఖ్యం.

పీవీసీ గొట్టాన్ని ఉన్ని గుడ్డతో ఇరవైసార్లు గట్టిగా రుద్దండి. ఉన్నిలోని ఎలక్ట్రాన్లు గొట్టం మీదకు చేరి గొట్టం రుణావేశితమవుతుంది (ఎలక్ట్రాన్లు ఎక్కువైతే రుణావేశం, తగ్గితే ధనావేశం). దాన్ని ఉండకు దగ్గరగా తెస్తే రేకులు విచ్చుకుంటాయి, వెనక్కి తీస్తే మూసుకుంటాయి. గొట్టం ఉండలోని ఎలక్ట్రాన్లను కిందికి తోస్తోంది, అంతే. ఇంకా ఏమీ చేతులు మారలేదు. రేకులు విచ్చుకునే ఉండాలంటే గొట్టాన్ని ఉండకు ఆనించి పొడవునా రుద్దండి. పీవీసీ బంధకం (విద్యుత్తును తన గుండా పోనివ్వనిది) కాబట్టి తగిలిన చోటి ఆవేశమే దిగుతుంది, మిగతాది ఉన్నచోటే ఉంటుంది. ఒక్క చోట తాకించి వదిలేస్తే రేకులు కొద్దిగానే విచ్చుకునేది ఇందుకే.

ప్రేరణతో, అంటే గొట్టం తాకకుండానే, ఆవేశం ఎక్కించడం ఇంతకన్నా అందమైన పని, కానీ వరస తప్పితే ఫలితం సున్నా. గొట్టాన్ని ఉండకు రెండు సెంటీమీటర్ల దూరంలో పట్టుకోండి. తాకనివ్వద్దు. అలా ఉంచే, రెండో చేతి వేలితో ఉండను ముట్టుకోండి. రేకులు వాలిపోతాయి, ఎందుకంటే గొట్టం తరిమిన ఎలక్ట్రాన్లు మీ ఒంట్లోకి దిగిపోయాయి. ఇప్పుడు ముందు వేలు తీయండి, ఆ తర్వాతే గొట్టం. రేకులు మళ్లీ విచ్చుకుంటాయి. ఈసారి వాటిపై ఉన్నది ధనావేశం. నమ్మకం కుదరకపోతే రుద్దిన గొట్టాన్ని మెల్లగా దగ్గరికి తెచ్చి చూడండి, రేకులు ముందుగా దగ్గరవుతాయి. గొట్టాన్ని ముందు తీసేస్తే మాత్రం ఎలక్ట్రాన్లు వేలి గుండానే తిరిగొచ్చి అంతా మొదటికొస్తుంది.

ఏమీ జరగకపోతే నూటికి తొంభైసార్లు తప్పు తేమదే. గాజు మీద, స్ట్రా మీద కంటికి కనిపించని నీటిపొర ఉంటే ఆవేశం దాని వెంట జారిపోతుంది. హెయిర్ డ్రైయర్‌తో సీసా, మూత, గొట్టం, ఉన్ని అన్నిటినీ ఆరబెట్టి మళ్లీ ప్రయత్నించండి. వానరోజున ఈ ప్రయోగం పెట్టుకోవద్దు.

ఇక వలయం, అంటే కరెంటు చుట్టి వచ్చే దారి. రెండు ఏఏ సెల్స్, హోల్డరు, ఎర్ర ఎల్ఈడీ, కరెంటును అదుపు చేసే 100 ఓమ్‌ల రెసిస్టర్ (పట్టీలు గోధుమ, నలుపు, గోధుమ). హోల్డరు ఎర్ర తీగను రెసిస్టర్‌కు, రెసిస్టర్ రెండో కాలును ఎల్ఈడీ పొడవు కాలుకు, పొట్టి కాలును నల్ల తీగకు కలపండి. రెండు సెల్స్ కలిసి ఇచ్చే 3 వోల్టుల్లో ఎర్ర ఎల్ఈడీ దాదాపు 2 వోల్టులు తీసుకుంటుంది. మిగిలిన 1 వోల్టు రెసిస్టర్ మీద పడుతుంది, 1ని 100తో భాగిస్తే 0.01 ఆంపియర్, అంటే 10 మిల్లీ ఆంపియర్లు. 9 వోల్టుల బ్యాటరీ వాడితే ఇదే లెక్కతో 470 ఓమ్‌లు వేస్తే సుమారు 15 మిల్లీ ఆంపియర్లు వస్తాయి. రెసిస్టర్ లేకుండా ఆ బ్యాటరీకి నేరుగా తగిలిస్తే ఎల్ఈడీ కాలిపోతుంది.

వెలగలేదా? ఎల్ఈడీని తిప్పి పెట్టండి. అప్పటికీ లేదంటే హోల్డరులో ఒక సెల్ తలకిందులైందేమో చూడండి, రెండూ ఎదురెదురై వోల్టేజీ సున్నా అవుతుంది. స్విచ్ పెట్టేవాళ్లు ఎక్కువగా చేసే తప్పు మరొకటి: దాన్ని వలయం మధ్యలో కాక సెల్స్ రెండు కొసలకూ అడ్డంగా కలపడం. అలా కలిపి స్విచ్ వేస్తే ఎల్ఈడీ ఆరిపోయి తీగలు వేడెక్కుతాయి, అది షార్ట్ సర్క్యూట్. వెంటనే ఒక తీగ ఊడదీయండి.

ఇప్పుడు వలయంలో ఒక కలయికను విప్పి ఖాళీ ఉంచండి. ఆ ఖాళీలో పెన్సిల్ సీసం పెడితే ఎల్ఈడీ వెలుగుతుంది, కాస్త మసకగా ఉండొచ్చు. ఎండు చెక్క పుల్ల పెడితే వెలగదు, మీ వేలు పెట్టినా వెలగదు. ఎల్ఈడీ తీర్పు ప్రకారం చెక్కా, వేలూ బంధకాలే. అదే పుల్లను చేత్తో పట్టుకుని ఆవేశం నిండిన ఉండకు ఆనించండి: రేకులు వాలిపోతాయి. వేలు ముట్టిస్తే ఆ క్షణమే మూసుకుంటాయి. ప్లాస్టిక్ స్ట్రా ఆనిస్తే మాత్రం విచ్చుకునే ఉంటాయి.

ఎల్ఈడీ బంధకాలన్న చెక్కనూ వేలినీ విద్యుద్దర్శిని మాత్రం విద్యుత్తును పోనిచ్చేవంటోంది. రెండు తీర్పులూ నిజమే, తేడా పరిమాణంలో ఉంది. నైలాన్ తివాచీ మీద నడిచిన మనిషి ఒంటిపై 10,000 వోల్టులు చేరినా, ఆవేశం మాత్రం కూలూంబులో (ఆవేశాన్ని కొలిచే ప్రమాణం) పది లక్షల వంతు దగ్గరే ఉంటుంది. 10 మిల్లీ ఆంపియర్ల ఎల్ఈడీకి అది సెకనులో పదివేల వంతుకు సరిపోతుంది. రేకుల మీద ఉండేది అంతకన్నా చాలా తక్కువ. అంత కొంచెం ఆవేశం, అన్ని వోల్టుల ఒత్తిడితో, చెక్కలోని అతి సన్నని దారి గుండా కూడా వెళ్లిపోగలదు. 3 వోల్టులు ఆ దారిలో తోయగలిగే కరెంటు ఎల్ఈడీని వెలిగించదు.