బల్గేరియాలో స్నోబోర్డింగ్ యాత్రకు ఎలా సిద్ధపడాలి?

మంచు ఆటలనగానే మనకు స్విట్జర్లాండ్, ఆస్ట్రియా, ఫ్రాన్స్ పేర్లే స్ఫురిస్తాయి. మొదటిసారి స్నోబోర్డు (రెండు పాదాలూ బిగించుకుని మంచు వాలు మీద జారే పలక) ఎక్కబోయేవారికి నేను సూచించేది మాత్రం బల్గేరియా. అక్కడ బస, భోజనం, శిక్షణ, పరికరాల అద్దె ఆల్ప్స్ కంటే బాగా చవక. అలా మిగిలిన సొమ్మును మరో రెండు రోజుల శిక్షణకు, సరైన బీమాకు వెచ్చించినప్పుడే ఆ దేశాన్ని ఎంచుకున్నందుకు ఫలితం దక్కుతుంది.

ముందుగా ఏ కొండకు వెళ్లాలో తేల్చుకోవాలి. పిరిన్ పర్వతాల పాదాన ఉన్న బాన్‌స్కో పాత రాతి ఇళ్ల పట్టణం. అక్కడి లిఫ్టులు సుమారు 2,600 మీటర్ల ఎత్తు వరకు తీసుకువెళ్తాయి కాబట్టి మంచు నమ్మకంగా ఉంటుంది. రిలా పర్వతాల్లోని బోరోవెట్స్ రాజధాని సోఫియాకు 70 కిలోమీటర్ల దూరంలోనే ఉంది కనుక సెలవులు తక్కువగా ఉన్నవారికి అనువైనది. రోడోప్ కొండల్లోని పాంపొరోవోలో వాలులు అంత నిటారుగా ఉండవు. పిల్లలతో వెళ్లే కుటుంబాలకు, ఎత్తులంటే జంకేవారికి అదే మేలు.

తరువాత తేదీలు. డిసెంబరు మధ్య నుంచి ఏప్రిల్ మొదటి వారం దాకా సీజన్ నడిచినా, నేనైతే జనవరి చివరి రెండు వారాలను ఎంచుకుంటాను. ఫిబ్రవరి మధ్యలో బ్రిటన్ బడి సెలవులు, మార్చి 3న బల్గేరియా జాతీయ దినం రద్దీని తెస్తాయి. బాన్‌స్కో పట్టణం నుంచి పైకి వెళ్లే గొండోలా (తీగల మీద సాగే మూసిన పెట్టెల లిఫ్టు) ఒక్కటే కావడంతో, శని, ఆదివారాల్లో సోఫియా జనం కూడా చేరి ఉదయపు వరుస చాంతాడంత అవుతుంది.

బల్గేరియా 2025 జనవరి 1 నుంచి షెంగెన్‌లో (ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల కూటమిలో) పూర్తి సభ్యదేశం కావడం వల్ల భారత పాస్‌పోర్టుతో వెళ్లేవారికి షెంగెన్ వీసా కావాలి. జర్మనీ వంటి షెంగెన్ దేశాల్లో నివాస అనుమతితో ఉంటున్న తెలుగువారికి వేరే వీసా అవసరం లేదు. దరఖాస్తును ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి ఇవ్వవచ్చు. చివరి గడువైన 15 రోజుల దాకా ఆగడం ప్రమాదకరం. వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. సాధారణ ప్రయాణ బీమాలు చాలావరకు మంచు క్రీడల్లో తగిలే గాయాలను మినహాయిస్తాయి కాబట్టి, స్నోబోర్డింగ్ అనే మాట, కొండ మీది నుంచి కిందికి చేర్చే రక్షణ ఖర్చు పాలసీలో స్పష్టంగా రాసి ఉన్నాయో లేదో చదివి చూసుకున్న తరువాతే డబ్బు కట్టాలి.

హైదరాబాద్ నుంచి సోఫియాకు నేరుగా విమానం లేదు. దోహా లేదా ఫ్రాంక్‌ఫర్ట్ వంటి చోట మారాలి. సోఫియా నుంచి బాన్‌స్కోకు రోడ్డు మీద రెండున్నర గంటలు పడుతుంది. సెప్టెంవ్రి అనే పట్టణం నుంచి బాన్‌స్కో మీదుగా దోబ్రినిష్టె వరకు కొండల్లో మెలికలు తిరుగుతూ సాగే నారోగేజి రైలు చాలా అందమైనది. అయితే అది నిదానంగా నడుస్తుంది కాబట్టి సామానుతో దిగిన రోజున కాకుండా, విశ్రాంతి రోజున ఎక్కండి.

పరికరాలన్నీ అక్కడే అద్దెకు దొరుకుతాయి. బోర్డు కంటే బూట్ల విషయంలోనే ఎక్కువ జాగ్రత్త పడాలి. నిలబడితే కాలి వేళ్లు బూటు ముందు భాగాన్ని తాకీ తాకకుండా ఉండాలి, మోకాళ్లు వంచితే మడమ పైకి లేవకూడదు. చలికి భయపడి రెండు జతల మేజోళ్లు వేసుకుంటే పాదం లోపల జారుతుంది. ఒక్క ఉన్ని జత చాలు. మేజోళ్లతో నున్నటి గచ్చు మీద జారి చూసుకోండి: సహజంగా ఎడమ పాదం ముందుకు వస్తే మీది రెగ్యులర్ నిలకడ, కుడిది వస్తే గూఫీ. ఈ సంగతి అద్దె దుకాణంలో ముందే చెబితే బైండింగులను (బూట్లను బోర్డుకు పట్టి ఉంచే బిగింపులను) అందుకు తగ్గట్టు బిగిస్తారు. హెల్మెట్‌తో పాటు మణికట్టు రక్షణ పట్టీలు కూడా తప్పక తీసుకోండి, ఎందుకంటే కొత్తవారికి ఎక్కువగా దెబ్బ తగిలేది మణికట్టుకే.

కనీసం మూడు రోజుల శిక్షణ ముందే మాట్లాడుకోండి. మొదటి రోజంతా బోర్డుకు మడమల వైపున్న అంచు మీద, తరువాత మునివేళ్ల వైపున్న అంచు మీద జారి ఆగడమే నేర్పుతారు. పడేటప్పుడు అరచేయి ఆనించకుండా పిడికిలి బిగించి ముంజేతుల మీదికి వాలాలి. లేవలేక కూర్చోవలసి వస్తే పై నుంచి వచ్చేవారికి అడ్డం కాకుండా వాలు అంచుకు జరగాలి. బాన్‌స్కోలో సాయంత్రం పట్టణం దాకా జారుతూ దిగే దారి ఇరుకైనది, రద్దీది. కాళ్లు అలసి ఉంటే గొండోలాలోనే దిగిరండి.

బల్గేరియన్లు తల అడ్డంగా ఊపితే అవునని, నిలువుగా ఊపితే కాదని అర్థం. కొందరు విదేశీయుల కోసం ఆ పద్ధతిని మార్చుకుంటారు కూడా. అందువల్ల శిక్షకుడితో తల ఊపులను నమ్ముకోకుండా నోటితోనే అడిగి తేల్చుకోండి. శాకాహారులకు చిక్కుడుగింజల సూపు, జున్ను పొరల బానిత్సా, గట్టి పెరుగు దొరుకుతాయి. 2026 జనవరి 1 నుంచి అక్కడ చెలామణి అయ్యేది యూరోనే. అత్యవసర నంబరు 112. దాన్ని, మీ పాలసీ సంఖ్యను ఒక కాగితం మీద రాసి జాకెట్ లోపలి జేబులో ఉంచుకోండి, ఎందుకంటే గడ్డకట్టే చలిలో ఫోను బ్యాటరీ హఠాత్తుగా పడిపోతుంది.