పండక్కి సాఫ్ట్‌వేర్ గిఫ్ట్ ఇస్తున్నారా? డబ్బు కట్టే ముందు ఇవి చూసుకోండి

దసరా సేల్స్ మొదలయ్యాయంటే విశాఖలో చాలా ఇళ్లలో ఇదే లెక్క: మేనల్లుడికి గేమ్, ఇంజనీరింగ్‌లో చేరిన చెల్లికి మైక్రోసాఫ్ట్ ఆఫీస్, నాన్నగారి లాప్‌టాప్‌కి యాంటీవైరస్. చీర నచ్చకపోతే మార్చి తెచ్చుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ కోడ్ ఒకసారి వాడేశాక చాలా చోట్ల వెనక్కి తీసుకోరు.

ముందు అవతలివాళ్ల మెషీన్ సంగతి కనుక్కోండి. విండోసా, మ్యాకా? ఏ వెర్షన్? ఖాళీ ఎంత ఉంది? పెద్ద గేములు కొన్ని 100 జీబీ దాటుతున్నాయి, ఫోన్ హాట్‌స్పాట్‌తో నెట్టుకొచ్చే హాస్టల్ కుర్రాడికి అది గిఫ్ట్ కాదు, శిక్ష. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది కదా అని నాన్నగారికి విండోస్ 11 కీ (యాక్టివేట్ చేసే కోడ్) కొనేయకండి. టీపీఎం 2.0 (సెక్యూరిటీ చిప్) లాంటివి లేని పాత మెషీన్‌కి 11 అధికారికంగా ఎక్కదు. అన్నీ ఉండి, ఇప్పుడున్నది అసలు విండోస్ 10 అయితే అప్‌గ్రేడ్ ఉచితమే. ఆఫీస్ కూడా అంతే, కాలేజీ మెయిల్ ఐడీతో ఉచితంగా వస్తుందేమో చెల్లిని ముందు అడగండి.

అమెరికాలో ఉన్న అక్కాబావలకి పంపేవాళ్లు ఇంకాస్త జాగ్రత్త. ఇండియాలో కొన్న గూగుల్ ప్లే కోడ్ అక్కడి అకౌంట్‌లో పనిచేయదు. ధరల్లో తేడా మరీ ఎక్కువుంటే గేములు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్ కూడా ఆ గేమ్‌ని వేరే దేశానికి గిఫ్ట్‌గా పంపనివ్వదు.

ఇక అసలు టెన్షన్, ఎక్కడ కొంటున్నామన్నది. వేలల్లో ఉండే విండోస్ కీ ఆన్‌లైన్‌లో నాలుగైదు వందలకి కనిపిస్తే వదిలేయండి. కంపెనీలకి టోకుగా ఇచ్చిన లైసెన్సులో, దొంగ కార్డులతో కొన్నవో అలా చేతులు మారుతుంటాయి. ఈ రోజు యాక్టివేట్ అవుతుంది, రేపు బ్లాక్ అవుతుంది. పెన్‌డ్రైవ్‌లో క్రాక్ చేసిన కాపీ ఇవ్వడమంటే వైరస్‌ని రంగు కాగితంలో చుట్టి ఇవ్వడమే. ద్వారకానగర్‌లో షాపుకెళ్లి కొంటే కీ ఉన్న కార్డు వెనక్కి తిప్పి చూడండి. గీకే పట్టీ చెక్కుచెదరకుండా ఉండాలి. అంచు లేచినా, పైన ఇంకో స్టిక్కర్ అతికించినట్టున్నా వేరేది అడగండి. జీఎస్టీ బిల్లు తప్పకుండా తీసుకోండి.

గీకాక బయటపడే ఆ 25 అక్షరాల కీ ఎవరు ముందు టైప్ చేస్తే వాళ్లదే. దాన్ని ఫొటో తీసి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో "హ్యాపీ దసరా కన్నా" అని పెట్టకండి, ఎవరికిస్తున్నారో వాళ్లకే పంపండి. "మీ బాస్‌ని, అర్జెంటుగా గిఫ్ట్ కార్డులు కొని కోడ్‌లు పంపు" అని మెసేజ్ వస్తే మోసమే. పంపేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

స్టీమ్ గేమ్ నచ్చకపోతే, కొని 14 రోజులు దాటకుండా, రెండు గంటల్లోపే ఆడి ఉంటే రిఫండ్ అడగొచ్చు. అడగాల్సింది మీరు కాదు, గిఫ్ట్ అందుకున్నవాళ్లు. డబ్బు మాత్రం మీకే వస్తుంది. యాంటీవైరస్ లాంటి చందాలకి మీ కార్డు ఇచ్చి ఉంటే ఆటోపే ఆ రోజే ఆపేయండి, లేదంటే వచ్చే ఏడు కూడా గిఫ్ట్ ఇస్తారు, మీకు తెలియకుండానే.