క్రైస్తవ చారిత్రక నవలను బైబిలు పక్కన పెట్టుకొని చదవడం

మా దేవరకొండ స్త్రీల సమాజంలో నవలలు చదివేది నేనని అందరికీ తెలుసు. "టీచరమ్మా, మా పిల్ల బైబిలు కథ మీద ఏదో నవల చదువుతుంది, చదవనియ్యొచ్చా?" అని అడుగుతుంటారు. చదవనియ్యండి. అయితే నవలను వాక్యం అనుకొని చదవొద్దు, ఉత్త కాలక్షేపం అనుకొని కూడా చదవొద్దు. బైబిలు చెప్పకుండా వదిలిన చోట రచయిత తన ఊహను పెడతాడు. ఆ చోటు ఎక్కడుందో పట్టుకుంటే, అక్కడ ఇన్నాళ్ళూ మనం ఏం ఊహించుకుంటూ వచ్చామో బయటపడుతుంది. ఈ చదువుతో నాకు దొరికిన మేలు అదే.

మొదటిసారి చదివేవాళ్ళు లావు పుస్తకాల జోలికి పోవద్దు. 1880లో వచ్చిన బెన్‌హర్ లాంటివి పేరున్నవే, కానీ సగంలో ఆగితే మళ్ళీ పట్టుకోబుద్ధి కాదు. ఆధారమైన బైబిలు భాగం కూర్చున్న చోటే పూర్తయ్యే కథను ఎంచుకోండి. నన్నడిగితే ఫిలేమోను అనే యజమాని దగ్గర దాసుడిగా ఉన్న ఒనేసిము కథ చెప్తాను. అతని మీద ఇంగ్లీషులో నవలలు ఉన్నాయి. బైబిల్లో అతని కథ ఉన్నది ఆ యజమానికి పౌలు రాసిన ఫిలేమోను పత్రికలో, అది ఒక్కటే అధ్యాయం, 25 వచనాలు. టీ చల్లారేలోపు అయిపోతుంది.

నవల తెరవకముందే ఆ పత్రికను రెండుసార్లు చదవండి. తర్వాత నోట్‌బుక్‌లో పేజీని మూడు గడులుగా గీయండి. మొదటిది వాక్యం, రెండోది చరిత్ర, మూడోది రచయిత. వాక్యం గడిలో పత్రికలో ఉన్నది మాత్రమే రాయాలి. పౌలు ఖైదులో ఉన్నాడు. ఒనేసిము ఇంతకుముందు ఫిలేమోనుకు పనికిరానివాడు. అతన్ని దాసుడిగా కాదు, ప్రియమైన సహోదరుడిగా చేర్చుకోమంటున్నాడు. ఏమైనా బాకీ ఉంటే నా లెక్కలో వేయమంటున్నాడు. నాకు బస సిద్ధం చెయ్యమంటున్నాడు. ఇట్లా రాస్తుంటే ఒక సంగతి అర్థమవుతుంది. ఒనేసిము పారిపోయాడన్న మాటే పత్రికలో లేదు. దొంగతనం చేశాడనీ లేదు, "ఒకవేళ నష్టం చేసి ఉంటే" అన్నంతవరకే ఉంది. ఫిలేమోను అతన్ని చేర్చుకున్నాడా లేదా అన్నది అసలే లేదు. మనం ప్రసంగాల్లో విని విని అవన్నీ బైబిల్లో చదివినట్టే అనుకుంటాం.

ఇప్పుడు నవల మొదలుపెట్టండి. ఒనేసిము మెడకు రచయిత ఇనుప పట్టీ వేశాడనుకోండి, అది చరిత్ర గడిలోకే వెళ్తుంది కానీ జాగ్రత్తగా. రోమా సామ్రాజ్యంలో బానిసల మెడకు వేసిన అలాంటి పట్టీలు నిజంగానే దొరికాయి. "నేను పారిపోయాను, నన్ను పట్టుకో" అన్న అర్థంతో వాటి మీద లాటిన్ అక్షరాలు చెక్కి ఉన్నాయి. అయితే అవి ఎక్కువగా పౌలు కాలానికి చాలా తర్వాతివి. ఒనేసిమును రచయిత ఒంటరిగా తిరుగు ప్రయాణం చేయిస్తే మూడో గడిలో రాయండి, ఎందుకంటే అతనితో పౌలు తోటి సేవకుడు తుకికు కూడా వచ్చాడని కొలొస్సయులకు రాసిన పత్రిక నాలుగో అధ్యాయం చెప్తుంది. ముగింపులో ఒనేసిము బిషప్ అయితే అదీ మూడో గడే. రెండో శతాబ్దం మొదట్లో అంతియొకయ బిషప్ ఇగ్నేషియస్ ఎఫెసు సంఘానికి రాసిన ఉత్తరంలో ఒనేసిము అనే బిషప్ ఉన్నాడు, ఆ బానిసే ఈ బిషప్ అనడానికి రుజువు లేదు.

పేతురు రోము విడిచి పోతుంటే ప్రభువు ఎదురుపడిన కథ కూడా ఇంతే. క్వో వాదిస్ నవలకు పేరు ఆ కథ నుంచే వచ్చింది. రోము తగలబడింది 64లో, నీరో చక్రవర్తి ఆ నింద క్రైస్తవుల మీదికి తోశాడని రోమా చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. అది చరిత్ర. దారిలో ప్రభువు ఎదురుపడటం మాత్రం బైబిల్లోది కాదు, పేతురు కార్యాలు అనే రెండో శతాబ్దపు గ్రంథంలోది. కథ గొప్పదే, చదివి కన్నీళ్ళు పెట్టుకున్నా తప్పు లేదు. వాక్యం గడిలో మాత్రం రాయకండి.

ఈ గడుల పని విసుగనిపించొచ్చు. నేను చెప్పేది నమ్మి చేయండి, ఎందుకంటే మన విశ్వాసం సంగతి తేలేది మూడో గడిలోనే.

మా తాత నిజాం కాలంలో ఒక దొర దగ్గర జీతం ఉన్నాడు. గడీ, అంటే దొర బంగళా, ముందు నుంచి పోవాలంటే చెప్పులు చేతిలో పట్టుకుని నడిచేవాడని మా నాయనమ్మ చెప్పేది. మన నల్లగొండ జిల్లాలో వెట్టి ఎట్లా సాగిందో, 1946 నుంచి 1951 దాకా సాయుధ పోరాటం ఎందుకు నడిచిందో పుస్తకాల్లో చూడకముందే ఇళ్ళలో విన్నవాళ్ళం. అలాంటి ఇంటిదాన్ని నేను, ఒక నవలలో ఒనేసిము ఉత్తరం పట్టుకుని యజమాని ఇంటికి నడుస్తున్న అధ్యాయం చదివాను. ఆ దారిలో అతని మనసంతా కోపమే. పౌలు ఫిలేమోనును బతిమాలాడు, ఒనేసిమును చేర్చుకొమ్మన్నాడు. ఒనేసిము ఫిలేమోనును క్షమించాడా? పత్రిక ఆ ప్రశ్న వేయదు. ఆ రచయిత వేశాడు.

నేను అక్కడే ఆగిపోయాను. కొన్నాళ్ళ ముందు నల్లగొండలో ఒక పెళ్ళిలో ఆ దొర మనవడు కనిపించాడు. "నమస్తే టీచర్ గారూ" అని లేచి నిలబడి, అన్నం ప్లేటు తనే తెచ్చి నా చేతికిచ్చాడు. మర్యాదస్తుడు. నాకు ముద్ద దిగలేదు. నోట్‌బుక్‌లో ఆ గడి కింద ఇట్లా రాసుకున్నాను: "ప్రభువా, ఈ అబ్బాయి నాకేమీ బాకీ లేడు. మరి ఇంకా బాకీ ఉన్నట్టు నాకెందుకుంది?"

మీకూ ఇలాంటి చోటు తగులుతుంది. తగిలినప్పుడు తర్వాతి అధ్యాయంలోకి పరుగెత్తకండి. నవలలో ఒనేసిము పది పేజీల్లో క్షమిస్తాడు, మన మనసు ఆ లెక్కన నడవదు. రెండు మూడు రోజులు పుస్తకం మూసి పెట్టండి. మీ ప్రశ్నను మీ మాటల్లోనే ప్రార్థనగా రాయండి, నవలలోని ప్రార్థనను అరువు తెచ్చుకోకండి. బైబిల్లో దానికి దగ్గరగా ఉన్న భాగం వెతకండి. నేను మత్తయి 18లో బాకీ మాఫీ అయిన దాసుని కథ చదివాను. ఎన్నాళ్ళు ప్రభువా అని అడిగే 13వ కీర్తన కూడా చదివాను. ఒకటి నన్ను గద్దించింది, ఒకటి పక్కన కూర్చుంది. రెండూ కావాల్సొచ్చాయి.

ఇది వెంటనే లేచి సాక్ష్యంగా చెప్పాల్సిన సంగతి కాదు. నమ్మకమైన మనిషి ఒకరితో చెప్పుకుంటే చాలు. కాలేజీ పిల్లలు చదువుతుంటే "కథ ఎట్లుంది?" అని కాకుండా "ఇందులో బైబిల్లో లేనిది ఏముంది, అది నిజమైతే బాగుండు అనిపించిందా?" అని అడగండి. వాళ్ళు చెప్పే జవాబు విని మీకు ఆశ్చర్యం వేస్తుంది.

కొన్ని పుస్తకాలు మధ్యలో వదిలేయొచ్చు. యూదులందరినీ దుర్మార్గులుగా చూపించే నవలను నేను మూసేస్తాను. యేసు, మరియ, పేతురు, పౌలు అందరూ యూదులే. అది మరిచిన రచయిత మొదటి గడి చదవలేదన్నమాట.

దూరదేశాల కథలతో ఆగిపోకండి, మన తెలుగు సంఘాల చరిత్రకూ ఇదే పద్ధతి పనికొస్తుంది. 1876 నుంచి 1878 దాకా పెద్ద కరువు. ఒంగోలు ప్రాంతంలో మిషనరీ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం పని తీసుకుని కూలీలకు తిండి దారి చూపాడు. సాయం కోసం చేరారన్న మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపాడు. తర్వాత 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. లెక్క రికార్డుల్లో ఉంది. ఆ నీళ్ళలోకి దిగిన ఒక్కో మనిషి మనసులో ఏముందో ఏ రికార్డూ చెప్పదు. మన ఇళ్ళలో మొదట నమ్ముకున్నవాళ్ళ సంగతీ అంతే. మీ సంఘంలో ఎనభై దాటిన పెద్దమ్మ ఉంటే ఈ వారమే వెళ్ళి కూర్చోండి. వాళ్ళ ఇంట్లో మొదట ఎవరు నమ్ముకున్నారు, ఏ ఊళ్ళో, ఊరివాళ్ళు ఏమన్నారు అని అడిగి, ఆమె చెప్పింది చెప్పినట్టే రెండో గడిలో రాసుకోండి. మీరు ఊహించుకున్నది మూడో గడిలో వేరుగా ఉంచండి.