నారు ట్రేలో బూజుకి దాల్చినచెక్క మందు

సాయంత్రం నిటారుగా ఉన్న టమాట మొలక తెల్లారేసరికి మొదలు దగ్గర దారంలా సన్నబడి పడిపోయి ఉంటుంది. అదే నారుకుళ్లు తెగులు. పోయిన ఏడాది నాకు సగం ట్రే అలాగే పోయింది, చాలా బాధేసింది. పడిపోయిన మొలకని ఏ మందూ లేపలేదు, దాల్చినచెక్క కూడా అంతే. ట్రేలో నింపే కోకోపీట్ (కొబ్బరి పొట్టు) మీద తెల్లటి బూజు కనబడగానే వాడితేనే ఉపయోగం.

చాలామంది చెక్కని నీళ్లలో గంటసేపు మరిగిస్తారు. నేనూ మొదట అదే చేశాను, ఇల్లంతా ఘుమఘుమలాడింది గానీ బూజు కదల్లేదు. ఎందుకంటే బూజుని ఆపేది ముఖ్యంగా చెక్క నూనెలో ఉండే సిన్నమాల్డిహైడ్, అది నీళ్లలో పెద్దగా కరగదు, మూత తీసి మరిగిస్తే ఆవిరితో పాటు వెళ్లిపోతుంది, అంటే ఆ రోజు మేం పీల్చిందే మందు. స్పిరిట్‌లో, అంటే ఆల్కహాల్‌లో మాత్రం బాగా కరుగుతుంది.

కిరాణా కొట్లో దొరికే మందపాటి కాసియా చెక్క చాలు. చుట్టలా పల్చటి పొరలుండే సిలోన్ చెక్క ఖరీదు, దాన్ని వంటకి ఉంచుకోండి. పొడి మాత్రం కొనొద్దు, ఘాటు ఎప్పుడో పోయుంటుంది. 50 గ్రాముల చెక్కని దంచి మిక్సీలో రవ్వలా పట్టండి. మరీ మెత్తగా అయితే వడకట్టలేక చేతులు నొప్పెడతాయి. గాజు సీసాలో పోసి, మెడికల్ షాపులో దొరికే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 250 మి.లీ. కలిపి, మూత బిగించి, చీకట్లో వారం ఉంచండి. రోజుకోసారి కుదపండి. ఇది ఇట్టే అంటుకునే సరుకు, పొయ్యి దగ్గరికి అస్సలు తేవద్దు.

తర్వాత నూలుగుడ్డలో గట్టిగా పిండి, రాత్రంతా కదపకుండా ఉంచి, పైతేట వంచుకోండి. ముదురు డికాక్షన్ రంగులో ఉంటుంది. గ్లాసుడు నీళ్లలో నాలుగు చుక్కలు వేసి చూడండి, చుక్క పడ్డచోట పాలు విరిగినట్టు తెల్లగా మసకబారాలి. కరిగి ఉన్న నూనె నీళ్లు తగలగానే సన్నటి బిందువులుగా విడిపోవడం వల్ల వచ్చే తెలుపు అది. మసక రాలేదంటే చెక్క పాతదన్నమాట.

లీటరు నీళ్లకి 10 మి.లీ. చాలు. ఎక్కువైతే లేత వేళ్లు మాడతాయి, అందుకే ముందు రెండు మొలకల దగ్గర కొట్టి రెండ్రోజులు చూడండి. సాయంత్రం పూట, ఆకుల మీద కాకుండా కోకోపీట్ మీద పిచికారీ చేయాలి. ట్రే ఎప్పుడూ తడిముద్దగా ఉంటే ఇదేం పనిచేయదు, నీళ్లు తగ్గించండి, గాలి ఆడనివ్వండి.

చేతికి గ్లౌజులు తప్పనిసరి. తామరకి రాసుకోవచ్చా అని అడుగుతుంటారు, వద్దు, చర్మం మండి బొబ్బలెక్కుతుంది. సీసా మీద పేరు, తేదీ రాసి పిల్లలకి అందకుండా పెట్టండి, వాసన తియ్యగా ఉన్నా లోపలున్నది విషమే.